గురిగింజంత బంగారం

శామీర్‌పేట చెరువు కింది వాడకు మలుపు రాగానే నరసింహ కారు ఆపించి, ఒంటి మీది బంగారం ఊడదీయడం మొదలుపెట్టాడు. మెడలో పలుపుతాడంత గొలుసు, చేతికి కడియం, వేళ్ళకు ఉంగరాలు. దూలపల్లిలో వెంచర్లు వేసి సంపాదించిన బంగారం. ఈ ఎన్నికల్లో మాత్రం ఆయన పేదల బిడ్డ.

“కడియం జాగల తెల్ల మచ్చ కనబడుతాంది. అంగీ చేతులు కిందికి గుంజన్నా,” అన్నాడు ప్రచారం పనులు చూసే భానుప్రకాశ్. ఆ అంగీని కొత్తదనం పోయేదాకా వాషింగ్ మెషీన్లో తిప్పించింది అతనే.

ఇల్లు కూడా అతనే ఎంచాడు, అప్పటికప్పుడు. రేకుల కప్పు, గోడకు చేపల వల, గొళ్ళేనికి వేలాడుతున్న విరిగిన తాళం.

“తాళం గూడ ఫొటోల పడాలె. పేదరికమంటే గట్లుండాలె!”

గడపలో ఒక ముసలమ్మ, పక్కన మూట. వీళ్ళను చూసి ఉలిక్కిపడి లేచింది.

“యాడికో పోతున్నట్టున్నవ్ అవ్వా?”

“పోదామనే లేచిన బిడ్డా. గింతల మీరొచ్చిన్రు.”

“జరసేపు కూసో. నీ చేతి బువ్వ తిని పోత,” అన్నాడు నరసింహ.

కార్లో పెడదామంటే డ్రైవర్ మీద నమ్మకం లేదు, జేబులో పెడితే కెమెరాకు ఉబ్బుగా కనబడుతుంది. టీవీల వాళ్ళు రాకముందే బంగారం రుమాలులో కట్టి అవ్వ చేతిలో పెట్టాడు. “పైలం. ఎవలకు చూపియ్యకు.”

“నా పానం లెక్క చూసుకుంట,” అంటూ అవ్వ దాన్ని మూటలో దోపింది.

మేడ్చల్ హోటల్ నుంచి తెచ్చిన చేపల పులుసు సత్తు గిన్నెలోకి మారింది. ఇల్లంతా చింతపండు, మెంతుల ఘుమఘుమ. అవ్వ ముద్ద కలిపి నోట్లో పెట్టింది, చెంప నిమిరింది, ఎవరూ చెప్పకుండానే కంటతడి పెట్టింది.

“ఏం ఏడ్పన్నా! మనం నేర్పినోళ్ళు గూడ గిట్ల ఏడ్వరు,” భానుప్రకాశ్ మురిసిపోయాడు.

నరసింహ మైకుల ముందు చేతులు జోడించాడు. “నా ఒంటి మీద గురిగింజంత బంగారం లేదు. గీ అవ్వనే నా బంగారం. గీ ఇల్లు నా ఇల్లే!”

చప్పట్లు మోగాయి. టీవీల వాళ్ళను సాగనంపి వెనక్కి తిరిగితే అవ్వ లేదు. మూటా లేదు.

“పోలీసులకు ఫోన్ చెయ్!”

“ఏమని చెప్పాలన్నా? గురిగింజంత లేదంటివి. ఊరంత ఫోన్లల్ల చూస్తాంది.”

గుమ్మంలో చేపల గంప దించిన చప్పుడు. ఒకామె విరిగిన తాళాన్ని, లోపల మూత తెరిచి ఉన్న తన ఖాళీ పెట్టెను, వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది.

“అమ్మా, మీ అవ్వ యాడికి వోయింది?” నరసింహ ఆత్రంగా అడిగాడు.

“ఏ అవ్వ? గీ ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట. పొద్దుగాల తాళమేసి చేపలు అమ్మనీకి వోయిన. తాళం పలగ్గొట్టి నా ఇంట్ల ఏం జేస్తున్రురా, దొంగల్లారా?”