గ్యాస్ మీదైతేనే తింట

“థూ! గివి ఏ కాష్టంల బొగ్గులో ఏమో!”

సిద్ధిరాములు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

చెల్లెలి ఇంటి పెరట్లో అతని ముందు కొత్త గ్రిల్లు ఉంది. నాలుగు కాళ్ల ఇనుప పెట్టె, పైన జాలీ. వెల్డింగు పని చేసే ఆ ఇంటి మేనల్లుడు నగేశ్ తయారుచేసి పెట్టి పోయాడు. జాలీ కింద బొగ్గులు పోసుకోవచ్చు. లేదంటే పక్కనున్న గొట్టానికి గ్యాస్ పైపు తగిలించుకోవచ్చు.

“గ్రిల్లంటే కిటికీకి బిగిస్తరు గదా, దీని మీద కోడిని కాల్చుడేంది?” అని వచ్చీ రాగానే ఒకసారి విసుక్కున్నాడు. ఇప్పుడు బొగ్గుల మీద పడ్డాడు.

చెల్లెలి మొగుడు హన్మంతు అప్పటికే విసనకర్రతో నిప్పు రాజేస్తున్నాడు.

“కాష్టంలయి కాదు బావా. తండా లింబ్యా కాల్చి తెచ్చిండు. తుమ్మ కట్టె.”

“గా తుమ్మచెట్టు మీద ఏ కుక్క కాలెత్తిందో నువ్వు జూసినవా?”

“గింత కాలినంక కుక్కేంది బావా, కాలేంది!”

“కాలినా గలీజు గలీజే.”

సిద్ధిరాములు శుభ్రం సంగతి కామారెడ్డిలో తెలియనివాళ్లు లేరు. సబ్బును కూడా ఒకసారి కడిగాకే ఒంటికి రాస్తాడు. ఓసారి బస్సులో టికెట్టు మీద ఈగ వాలిందని సీసాలోని నీళ్లు పోసి టికెట్టును కడిగేశాడు. అక్షరాలన్నీ కొట్టుకుపోయాయి. చెకింగువాళ్లు ఎక్కితే తెల్లకాగితం చూపించి, “ఇంత సాఫ్ టికెట్టు ఎన్నడన్న జూసిండ్రా?” అని వాళ్లనే దబాయించాడు.

గంగామణికి ఉన్నది ఈ ఒక్క అన్నే. పెళ్లయి ఎల్లారెడ్డి దగ్గరి ఈ ఊరికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె వండింది అతను నోట పెట్టలేదు. పొయ్యిలో మసి అంటాడు. చెంబులో నీచువాసన అంటాడు. కొట్టంలో బర్రెలను చూస్తే ముద్ద దిగదంటాడు. ఎప్పుడొచ్చినా చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా. నిన్న సాయంత్రం కూడా డబ్బాతోనే దిగాడు. పొద్దునకల్లా అది ఖాళీ అయింది.

ఇవాళ ఎలాగైనా తినిపించాలని గంగామణి పట్టుబట్టింది. తిని, ‘నీ చేతిల రుచున్నదే చెల్లె’ అని ఒక్క మాట అంటే చాలు ఆమెకు. నాటుకోడి కోయించింది. అల్లం, కారం దగ్గరుండి నూరింది. అన్న ఏమన్నా ఎదురు మాట్లాడొద్దని మొగుడికి రాత్రే చెప్పి పెట్టింది.

ఒక ముక్క తీసి జాలీ మీద పెట్టింది. కొవ్వు కరిగి నిప్పుల మీద కారింది. చుర్రుమని నల్లటి పొగ లేచింది. బూడిద ఎగిరి ముక్కకు అంటింది.

“ఓక్!” అని సిద్ధిరాములు గోడ పట్టుకున్నాడు. “దాని కొవ్వు కిందికి కారుడేంది, గా పొగ మళ్ల దానికే తగులుడేంది! తానం జేసిన నీళ్లు తాగినట్టున్నది. నాకొద్దు.”

గంగామణి ముఖం చిన్నబోయింది.

“మరెట్ల జేస్తె తింటవన్నా?”

“గ్యాస్ ఉన్నదా?”

హన్మంతు చేతిలో విసనకర్ర ఆగిపోయింది. “ఉన్నది గానీ… నా మాట ఇను బావా. బొగ్గులే నయం.”

“నీకేం ఎరుక? గ్యాస్ అంటే సాఫ్. మసి లేదు, బూడిద లేదు, ఎవని చెయ్యి తగలది. గ్యాస్ మీదైతేనే తింట. లేకుంటె పస్తుంట.”

హన్మంతు పెళ్లాం వైపు చూశాడు. ఆమె ఒక క్షణం ఆలోచించింది.

“పైపు తగిలియ్యి” అంది.

బొగ్గులన్నీ ఎత్తి అవతల పోశారు. సిద్ధిరాములు కళ్లముందే గ్రిల్లును మూడు నీళ్లతో కడిగారు. హన్మంతు గోడ పక్కనుంచి పైపు కొస తెచ్చి బిగించి, అగ్గిపుల్ల గీశాడు. నీలంగా, పొగలేని మంట లేచింది.

“గదీ! గట్లుండాలె” అన్నాడు సిద్ధిరాములు రుమాలు జేబులో పెట్టుకుంటూ. సబ్సిడీ సిలిండర్లకు సర్కారు కోత పెట్టిన ఏడాది అది. కామారెడ్డిలో అతనింట్లో పాలు కాగగానే స్టవ్ కట్టేస్తున్నారు. “గింత పెద్ద మంటేంది బావా? పొదుపు జేసుకోరా?”

“చుట్టాలొస్తె మా ఇంట్ల గ్యాస్‌కు కొదవుండది” అన్నాడు హన్మంతు. అని, ఎందుకో పొలమారినట్టు దగ్గాడు.

ముక్క కాలింది. సిద్ధిరాములు దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. వాసన చూశాడు. కొస కొరికాడు. కళ్లు మూసుకుని నమిలాడు. తర్వాత ఇక ఆగలేదు. ముక్క వెనక ముక్క. పళ్లెంలో బొక్కలు కుప్ప పడ్డాయి. చివరికి జాలీకి అంటుకున్న మసాలాను కూడా గోటితో గోకి నాకాడు.

గంగామణి కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

“ఎట్లున్నదన్నా?”

“అబ్బ! గిసొంటిది నా జన్మల తినలేదే!”

“కారం నేనే నూరిన…”

“కారం ఎవలైన నూరుతరు. నీ చేతిల ఏమున్నదే? గా చేతులకు ఇంకా బర్ల వాసనే పోలేదు. గిదంత గ్యాస్ మహిమ. సాఫ్‌గ ఉన్నది గాబట్టె గింత రుచి. మా ఇంటికి సుత గిదే పెట్టిస్త. ఏ కంపెనీదే ఇది?”

హన్మంతు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

గంగామణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. మిగిలిన తొడముక్కను అన్న పళ్లెంలో వేసింది. అతను కొరికేదాకా ఆగి, తాపీగా చెప్పింది.

“కంపెనీ మనదేనన్నా, బర్ల పెండ, లెట్రిన్ల పోయింది రెండూ కలిసి గా ఎనక గోబర్ గ్యాస్ ట్యాంకులకే దిగుతయి, పొద్దుగాల నువ్వు సుత ఇంత సరుకేసొచ్చినవ్ గదా!”