తేనెచుట్టం

ప్రానస్ చర్చి నుంచి తిరిగొచ్చేసరికి అతని పెరట్లో ఎవరో ఆడమనిషి ఉంది.

దగ్గరికెళ్లి చూస్తే జివిలె.

ఊరి పక్క దిబ్బ మీద నిప్పు వెలిగించి, ఏసు కంటే ముందున్న దేవుళ్లకు ధాన్యమూ బీరూ సమర్పించే పూజారిణి. రాజధాని విల్నియస్ పేపర్లు ఆమెను ఒకరోజు మంత్రగత్తె అనీ, ఇంకోరోజు దేశభక్తురాలనీ రాసేవి. ఆమె నిప్పు చుట్టూ తిప్పి పెళ్లి చేసిన జంటలను ఫాదరు పెళ్లికానివాళ్ల కిందే లెక్కేసేవాడు.

ఇప్పుడు ఆమె ప్రానస్ తేనెటీగల పెట్టె పక్కన, చేతులు వెనక పెట్టుకుని నిలబడింది.

“ఏం పని ఇక్కడ?”

“మీ ఆపిల్ చెట్టుకు దండం పెట్టుకుంటున్నా బాబాయ్.”

“చేతులు వెనక పెట్టుకునా?”

“మా దేవుళ్లకు అంత పట్టింపు లేదు.”

ఆమె వెనక ఏముందో ప్రానస్ చూడనే చూశాడు. తేనెటీగల గుంపును పట్టే మూతబుట్ట. ఖాళీది.

ఆ ఊళ్లో గుర్రం దొంగను క్షమిస్తారు, తేనెటీగల దొంగను క్షమించరు. వాటిని అమ్మరు, కొనరు. ఇష్టమైనవాళ్లకు ఊరికే ఇస్తారు. ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ ఆనాటి నుంచి తేనెచుట్టాలు. వాళ్ల మాటల్లో పశువు చస్తుంది. మనిషీ తేనెటీగా మాత్రం కన్నుమూస్తారు. ఈగ చచ్చిందన్న పిల్లవాడి మూతి మీద దెబ్బ పడుతుంది.

ఆ పెట్టె ప్రానస్ భార్య ఫెలిసియాది. ఆమె పోయాక ఆమెవంటూ ప్రాణమున్నవి ఆ ఈగలే. వాటిని చలికాలం దాటించే చెయ్యి కూడా ఆమెదే. అతనికి రాదు. ఏటా మంచు కరిగేసరికి పెట్టె బోసిపోయేది. జూన్‌లో ఏదో ఒక ఆదివారం, అతను చర్చిలో ఉండగా, ఎక్కడి నుంచో కొత్త గుంపు వచ్చి అందులో దిగేది. ఫెలిసియానే పైనుంచి పంపుతోందని అతని నమ్మకం. ఈసారి ఇంకా రాలేదు. రాకపోతే ఆ ఇంట్లో ఇక మిగిలేది అతనూ, గోడలూ.

అప్పుడే పెట్టెలోంచి జుమ్మని వినిపించింది.

వచ్చేశాయి.

“సమయానికి వచ్చాను. ఇంకాస్త ఆలస్యమైతే బుట్టలో వేసుకుని పోయేదానివి,” అన్నాడు ప్రానస్.

జివిలె బుట్ట వంక చూసింది. పెట్టె వంక చూసింది. నవ్వు ఆపుకుంది.

“ఇంత తొందరగా వస్తారనుకోలేదు బాబాయ్. ఫాదరు ఇవాళ ప్రసంగం కుదించాడా?”

“గొంతు పోయింది ఆయనకి. నీ మీద అరిచి అరిచి.”

“తేనె పంపండి, తగ్గుతుంది.”

“నువ్వు పోయిననాడు కన్నుమూసిందని అనను. చచ్చిందంటాను. పశువుని అన్నట్టు.”

“అనండి. ఈగలు వినకుండా అనండి. పాపం, బెంగపెట్టుకుంటాయి.”

కంచె దాటి వెళ్లిపోయింది.

ప్రానస్ నిజంగానే ఫాదరుకు కిందటేడు తీసిన తేనె పంపాడు. గొంతు బాగుపడింది. మరుసటి ఆదివారం ఆయన తేనెటీగల దొంగ మీద ఇంకా గట్టిగా ప్రసంగించాడు. దిబ్బ మీద పెళ్లిళ్లు తగ్గాయి. జివిలె ఎవరికీ ఏ సంజాయిషీ ఇవ్వలేదు. ప్రానస్ ఎదురుపడితే మాత్రం “ఈగలు కులాసానా బాబాయ్?” అని అడిగేది. అతను ఉమ్మేసి పక్కకు తప్పుకునేవాడు.

చలికాలం చివర్లో జివిలె జ్వరంతో పోయింది.

ఆమె పక్కింటి బ్రొనే వచ్చి ప్రానస్ తలుపు కొట్టింది. యజమాని పోయిన సంగతి జివిలె పెంచే ఈగలకు చెప్పాలి, చెప్పకపోతే అవీ వెంటే పోతాయి, ఈగలతో మెలిగినవాళ్లే చెప్పాలి, ఊళ్లో నువ్వు తప్ప ఎవరున్నారు అంది.

“దొంగ కొంపకు నేను రాను.”

“దొంగ సంగతి సరే. ఈగలేం చేశాయి?”

ప్రానస్ టోపీ పెట్టుకున్నాడు.

జివిలె కొట్టంలో మేకుకు ఆ బుట్టే వేలాడుతోంది. మూతకు నేతపట్టీ చుట్టి ఉంది. పట్టీ నిండా వరసగా సూర్యుళ్లు. ప్రతి వరసలోనూ ఆఖరి సూర్యుడు వంకర.

అలా నేసే మనిషి ఒక్కతే. కాపురం చేసినన్నాళ్లూ ప్రానస్ ఆ వంకర సూర్యుణ్ణి వెక్కిరించాడు.

“ఫెలిసియా బుట్ట ఇక్కడికెలా వచ్చింది?”

“ఈ ఇంటికి మొదటి గుంపు వచ్చింది అందులోనే. మంచం పట్టిన ఏడు నీ ఫెలిసియానే ఇచ్చింది,” అంది బ్రొనే. “ఆ తర్వాత ఏటా జూన్‌లో ఆ బుట్ట నిండుగా మీ పెరట్లోకి వెళ్లి, ఖాళీగా తిరిగొచ్చేది.”

“నాకు చెప్పలేదేం?”

“ఫెలిసియా చెప్పొద్దంది. నిప్పుకు మొక్కే చేతి నుంచి మా ఆయన పుచ్చుకోడు అంది.”

ప్రానస్‌కు ముందుగా జివిలె ఈగల తేనెతో బాగుపడిన ఫాదరు గొంతు గుర్తొచ్చింది. నవ్వు రాబోయి ఆగిపోయింది.

టోపీ తీశాడు. వరసగా ఉన్న ఈగల పెట్టెల్లో మొదటిదాని మీద వేలితో మెల్లగా తట్టాడు. లోపల ఈగలు సన్నగా కదిలాయి.

“మీ యజమానురాలు కన్నుమూసింది,” అన్నాడు.

“చెబుతున్నది ఎవరో కూడా చెప్పాలి,” అని గుర్తుచేసింది బ్రొనే.

ప్రానస్ పెట్టెకు ఇంకాస్త దగ్గరగా వంగాడు.

“నేను ప్రానస్‌ని. ఆవిడ తేనెచుట్టాన్ని.”