బతికినవాళ్ళు కావలెను

"ఒక్కరంటే ఒక్కరు దొరకలేదా?" అన్నాడు అధ్యక్షుడు.

సెక్రటరీ తల అడ్డంగా ఊపాడు.

పాతికేళ్ళుగా ఊరికి ఉచితంగా అంబులెన్స్ నడుపుతున్న సంఘం అది. రేపు సాయంత్రమే రజతోత్సవం. హాలు తీసుకున్నారు. టీలు చెప్పారు. బ్యానరు కట్టారు. బతికినవాడు మాత్రం దొరకలేదు.

కొత్త బండి కొనిస్తానన్న మిల్లు యజమాని ఒక చిన్న కోరిక కోరాడు. "మీరు కాపాడిన మనిషి మాట ఒక్కటి నా చెవులతో వినాలి. వింటే వేదిక మీదే మాటిస్తాను" అన్నాడు. న్యాయమైన కోరికే. ఉన్న బండి సెకండ్‌హ్యాండ్‌ది, కొన్ననాటి నుంచీ మొండిది. సగం రోజులు షెడ్డులోనే ఉంటుంది. ఆ రోజుల్లో ఫోనొస్తే "బండి లేదండీ" అని చెప్పడం సెక్రటరీ పని. చెప్పిన పూట ఆయనకి అన్నం సయించేది కాదు.

వారం రోజులు ఇల్లిల్లూ తిరిగాడు. గుండెపోటు నుంచి బయటపడ్డ బస్సు డ్రైవరు, "నాకు గుండెజబ్బని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, మీకు పుణ్యముంటుంది, వెళ్ళండి" అన్నాడు. మెట్ల మీంచి పడ్డ లెక్కల మాస్టారికి తన ప్రాణం నిలబెట్టిన సంగతి గుర్తులేదు. కట్టు కట్టడానికి కొత్త చొక్కా కత్తిరించిన సంగతి మాత్రం బాగా గుర్తుంది. ఇంకొకామె తలుపే తీయలేదు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదేనని సెక్రటరీ ఉసూరుమంటూ తిరిగొచ్చాడు.

"పోనీ, ఎవరిచేతనైనా చెప్పిద్దాం" అన్నాడు అధ్యక్షుడు, గొంతు తగ్గించి.

"అబద్ధమా!"

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారయ్యా పెద్దలు. మనం ఆడేది ఒక్కటి. అదీ బండి కోసం."

సెక్రటరీ ఎంత నెత్తురు చూసినా బెదరడు కానీ, అబద్ధమంటే ఆయనకి వల్లమాలిన భయం.

అప్పుడే దర్జీ ఆమె వేదికకి కుట్టిన తెరలు తెచ్చింది. ఆమె కొట్టు వంతెన అవతలి పేటలో. ఇటువైపు ఆమెను ఎరిగినవాళ్ళు లేరు. అధ్యక్షుడు సెక్రటరీని మోచేత్తో పొడిచాడు.

సెక్రటరీ నేలచూపులు చూస్తూ సంగతి చెప్పాడు. అప్పటికప్పుడు రాసిన నాలుగు ముక్కలూ చదివి, కాగితం ఆమెకిచ్చాడు. భర్తకి గుండెనొప్పి రావడం, ఫోను చెయ్యడం, బండి రావడం, మనిషి బతకడం.

ఆమె తెర అంచు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. కోపమొచ్చిందేమో అనుకున్నాడు.

"భర్త అంటే నా నోట రాదండీ. నాకు పెళ్ళి కాలేదు" అంది చివరికి. "తమ్ముడనొచ్చా?"

"ఎవరైతేనేం తల్లీ! మీ శ్రమకి ఏమిమ్మంటారు?"

"ఏమీ వద్దు. బండి వస్తుంది కదా."

మర్నాడు హాలు కిటకిటలాడింది. సంఘం వాళ్ళంతా ఇస్త్రీ చేసిన యూనిఫారాల్లో ముందు వరసలో కూర్చున్నారు. సెక్రటరీ తేలు కుట్టిన దొంగలా తెర పక్కన నక్కాడు. దర్జీ ఆమె మైకు ముందుకొచ్చింది. చేతిలో కాగితం లేదు.

"మా తమ్ముడికి ఉబ్బసమండీ. ఆ రోజు ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా మారిపోయాయి. మీకు ఫోను చేసి, వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సైరన్ వినపడింది. 'వచ్చేశార్రా' అన్నాను. మీవాళ్ళు మూడో అంతస్తు నుంచి వాణ్ణి కుర్చీలో దింపారు. ఆక్సిజన్ పెట్టారు. వంతెన దాటేసరికి కళ్ళు తెరిచాడు. తెరిచి మొదట ఏమన్నాడో తెలుసాండీ? 'అక్కా, ఇస్త్రీపెట్టె కట్టేశావా?' అన్నాడు."

హాలంతా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు నన్ను మించిపోయాడు. భుజాల కొలత తియ్యాలంటే నేను స్టూలెక్కాలి."

మిల్లు యజమాని లేచి నిలబడ్డాడు. "బండి ఇస్తున్నాను" అన్నాడు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ముసలి అంబులెన్స్ డ్రైవరు వచ్చి సెక్రటరీ చేతులు పట్టేసుకున్నాడు. "గుర్తొచ్చింది సార్! ఆ కుర్చీ వెనకాల పట్టుకున్నది నేనే. అబ్బ, ఏం మెట్లు సార్ అవి!" అంటూ ఏడ్చేశాడు.

సెక్రటరీకి చచ్చినంత సిగ్గేసింది. ఇంత మంచివాణ్ణి కూడా మోసం చేశాననుకున్నాడు. అధ్యక్షుడు తెచ్చిచ్చిన టీ తాగబుద్ధి కాలేదు.

జనం పలచబడ్డాక వేదిక మీదికి వెళ్ళాడు. దర్జీ ఆమె తెరలు విప్పి మడతపెడుతోంది.

"క్షమించండమ్మా, మిమ్మల్ని కూడా ఈ పాపంలోకి దింపాను" అన్నాడు. "అయినా ఎలా చెప్పారు తల్లీ? ఆ ఇస్త్రీపెట్టె, ఆ మెట్లు... నేను రాసిచ్చింది ఒక్క ముక్క లేదు. నాటకాల్లో గానీ వేశారా?"

"లేదండీ" అంది ఆమె, తల ఎత్తకుండానే. "ఆ రోజు మీ బండి వచ్చి ఉంటే ఏం జరిగేదో, ఇన్నేళ్ళుగా రోజూ అనుకునేదే చెప్పాను."