ఎవరూ రాని మూల

ఇల్లెక్కడ కట్టుకోవాలో అర్జునరావుకి ఎంతకీ తేలడం లేదు.

నిజం ఇల్లు కాదు. కంప్యూటరు ఆటలో, అంతరిక్షంలో కట్టుకునే ఇల్లు. ఓడలు ఆపుకోవడానికి, గ్రహాల మీద తవ్వి తెచ్చిన ఖనిజం దాచుకోవడానికి ఒక స్టేషను.

స్టీల్ ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగి, ఒంట్లోంచి కొలిమి వేడి పోకముందే గాజువాక నెట్ సెంటరులో కూలబడ్డాడు. పక్క సీట్లో కన్నబాబు. పరవాడలో మందుల కంపెనీలో పని అతనికి. జట్టులో మూడో మనిషి సూర్యకళ మధురవాడ నుంచి, తన ఇంట్లోంచే ఆడుతుంది; ఆమె కోసం మాటలన్నీ తెర మీద కూడా రాసుకుంటారు.

"ఈ గ్రహం కాడ ఖనిజం బాగుంది బావా," అన్నాడు కన్నబాబు.

"గద్దలు కూడా బాగానే ఉన్నాయి," అన్నాడు అర్జునరావు నీరసంగా.

గద్దలని పేరు పెట్టుకున్న ఆటగాళ్ల దండంటే ఆ ఆటలో అందరికీ హడలు. కొత్త స్టేషను కనబడితే చాలు, కాల్చి దోచుకుపోతారు. వీళ్లది ఇప్పటికే ఒకసారి పోయింది.

ఇంతలో తెర మీద ఎవరో రాశారు. ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు.

"ఆ ఎడం పక్క మూలకి ఎల్లండి తమ్ముడూ. ఎవడూ రాడు."

సూరన్న అని ఉంది పేరు.

"నువ్వెవులన్నా?" అని కొట్టాడు అర్జునరావు.

"జాలరిపేటోడ్ని. మీ మాటలు ఇందాకట్నుంచి సూత్తన్నాను. మనూరోళ్లే అనిపించింది. నా ఓడకి కూడా మీ కాడ కూసింత సోటిత్తారేటి?"

అతనికున్నది ఒక్కటే ఓడ. ఆటలో కొత్తగా చేరినవాళ్లకి ఉచితంగా ఇచ్చే బుల్లి ఓడ.

సూర్యకళ పటం చూసి కంగారుపడింది.

"అన్నయ్యా, ఆ మూల గద్దలు తిరిగే దారి పక్కనే ఉంది."

"రారు సెల్లీ," అని రాశాడు సూరన్న. "నాను సెప్తన్నాను కదా."

ఇంకా వెతికే ఓపిక అర్జునరావుకి లేదు. అక్కడే కట్టారు, సూరన్ననీ జట్టులో కలుపుకున్నారు.

నిజంగానే ఎవరూ రాలేదు.

వానలు వెళ్లాయి, చలి వచ్చింది. ముగ్గురూ దొరికిన గంటల్లో ఖనిజం తవ్వారు. ఒక్కో గోడా లేపారు, ఒక్కో దీపం పెట్టారు. ప్లాంటులో సూపర్‌వైజరు తిట్టిన రోజైనా, కన్నబాబుకి మందుల ఘాటుకి కళ్లు మండిన రోజైనా, ఆ స్టేషను తెర మీద కనబడగానే ముగ్గురికీ ప్రాణం కుదుటపడేది.

సూరన్న మాత్రం ఒక్క రాయి తవ్వలేదు. ఓడ ఆపుకుని ఊరికే ఉండేవాడు. ఎవరు వచ్చినా ముందు అడిగేది ఒక్కటే.

"అన్నం తిన్నారా?"

"నువ్వే పనీ సెయ్యవేటన్నా?" అని ఒకరోజు కన్నబాబు అడిగేశాడు.

"అలిసిపోనాను తమ్ముడూ. కూకోనీండి."

ఆ మాట అర్జునరావుకి అర్థమైంది. మరి ఎవర్నీ అడగనివ్వలేదు.

ఒక సాయంత్రం కన్నబాబు మొహం ఎర్రగా చేసుకుని వచ్చాడు.

"బావా, నాను కళ్లారా సూసేను. గద్దలు మన దారమ్మట ఎల్తన్నారు. సూరన్న ఓడ ఎదురుగానే ఉంది. ఒక్కడు కూడా కాల్సలేదు. అందరూ సుట్టూ తిరిగి ఎల్లిపోనారు!"

"అయితే ఏటంటావు?"

"ఏటనీదేటి? ఆళ్ల మనిషే. మన లెక్కలన్నీ అటు మోత్తన్నాడు. తీసీ బావా ఆడ్ని."

"ఒకసారి ఆయన్నే అడుగుదాం అన్నయ్యా," అని రాసింది సూర్యకళ.

అర్జునరావు అడిగాడు. "గద్దలు నిన్నెందుకు ఒగ్గేత్తన్నారన్నా?"

సూరన్న రాశాడు.

"అది సెప్పుకునీది కాదు తమ్ముడూ."

"సూసేవా?" అన్నాడు కన్నబాబు.

అర్జునరావుకి తల దిమ్ముగా ఉంది. ఆ వారం వరసగా డబుల్ డ్యూటీలు. ఎవరితోనూ వాదించే సత్తువ లేదు. జట్టు నుంచి తీసేసే అధికారం నాయకుడిగా అతనిదే.

"ఏటీ అనుకోకన్నా. నువ్వు ఎల్లిపో," అని రాశాడు.

"సర్లే. ఎల్తన్నాను," అన్నాడు సూరన్న. ఆ కిందే ఇంకో వాక్యం వచ్చింది. "మీరు కూడా ఇక్కడ ఉండకండి. రేపే వేరే సోటు సూసుకోండి."

"బెదిరిత్తన్నాడు బావా!"

అర్జునరావు మీట నొక్కాడు. బుల్లి ఓడ స్టేషను వదిలి మెల్లగా చీకట్లోకి పోయింది.

మర్నాడు షిఫ్టు దిగి వచ్చి తెర తెరిచేసరికి స్టేషను లేదు. ఆ చోట పొగలూ, విరిగిన రేకులూ తేలుతున్నాయి.

కన్నబాబు పటమంతా తిప్పి వెతికాడు. "అన్నయ్యా, అంతా పోయింది," అని రాసింది సూర్యకళ.

గద్దల్లో ఒకడు ఇంకా అక్కడే ఉన్నాడు. మిగిలిన ఖనిజం ఏరుకుంటున్నాడు.

అర్జునరావు ఇంగ్లీషులో రాశాడు. "ఇన్నాళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకొచ్చారు? ఆ సూరన్న చెప్పాడా?"

"ఆయన చెబితే మేం రాం," అని జవాబొచ్చింది. "ఆయన మీ దగ్గర లేడని తెలిశాకే వచ్చాం."

"అసలెవరతను?"

ఏరుకోవడం ఆపి, వాడు నెమ్మదిగా రాశాడు.

"మా దండు పెట్టిందే ఆయన. ఇంక కొట్లాటలు వద్దని చెప్పి, తానున్న ఇంటి జోలికి రాబోమని మా చేత మాట తీసుకుని, అందుకు బదులుగా తన ఓడలన్నీ మాకు ఇచ్చేసి మీ దగ్గరికి వచ్చాడు."