అరిగిన వాల్వు

"టోపీ తీసి నిలబడకు డంకన్ తాతా. అది వాల్వు," అంది పంపు నడిపే ఎఫీ.

డంకన్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు గాని, గోడ వెంట గనిలోకి దిగే ఇనప గొట్టం మీదినుంచి చూపు తిప్పలేదు. పంపు రొదలోంచి ఆ చప్పుడు మళ్ళీ వచ్చింది. ఠక్, ఠక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఠక్.

"మా నాన్న రోజుల్లో, గనిలో పోయినవాళ్ళు గోడలు తట్టేవాళ్ళమ్మాయ్."

"మీ నాన్న రోజుల్లో వాల్వులు అరిగేవి కావా? పంపు నీళ్ళు తోసినప్పుడల్లా దీని నాలుక కొట్టుకుంటోంది. కంపెనీ చేత కొత్తది తెప్పించమని పోయిన వేసవి నుంచీ యూనియన్ వెంట పడుతున్నాను. తెప్పించారా?"

"వాళ్ళు కొత్తగా తెప్పించింది ఒక్కటే. యూనియన్ హాలుకి తాళం," అన్నాడు కుర్ర కార్మికుడు అలిస్టర్.

గదిలో నవ్వు పుట్టి, ఎఫీ ముఖం చూసి ఆగిపోయింది.

ఉదయం షిఫ్టు వాళ్ళంతా హాలు ముందు నిలబడి నిలబడి, చివరికి గని ముఖద్వారం పక్కనున్న ఈ పంపు గదిలోకి వచ్చారు. కిటికీ అవతల కెనడాలోని కేప్ బ్రెటన్ దీవి పొగమంచు. అది దాటితే సముద్రం. ఆ సముద్రం కిందే సొరంగాలు.

పోయిన వారం తూర్పు సొరంగం కూలింది. అందరూ బయటపడ్డారు, ఎఫీ తమ్ముడు హెక్టర్ తప్ప. రక్షణ దళం కొన్ని రోజులు తవ్వి వెనక్కి వచ్చేసింది. మనిషి బతికి ఉండడని కంపెనీ అంది. యూనియన్ అధ్యక్షుడు లాక్లన్ ఒప్పుకున్నాడు. ఈ మధ్యాహ్నం బయటి కాంట్రాక్టు మనుషులు దిగి, ఆ సొరంగానికి అడ్డంగా కాంక్రీటు గోడ పోస్తారు. ఆ తర్వాత హెక్టర్ శవం ఎప్పటికీ రాదు.

"మనం పని మానేస్తే చాలదు. కాంట్రాక్టు వాళ్ళు మన మొహం చూసి ఆగుతారా? పంపు కూడా ఆపాలి," అన్నాడు అలిస్టర్.

తాతల నాటి సమ్మెల్లో, పిల్లలు పస్తులున్న రోజుల్లో కూడా పంపు నడిచింది. పంపు మనిషిని లోపలికి పోనిచ్చి, వెనకాలే టీ పంపించేవాళ్ళు.

"నీ బుర్ర పనిచేస్తోందిరా?" అన్నాడు డంకన్. "సముద్రం లోపలికొస్తే గని పోతుంది. గని పోయాక ఏం తింటావ్, నీ సమ్మె జెండానా?"

"ఒక్క పూటకి గని పోదు తాతా. అడుగున నీళ్ళు మోకాలి దాకా నిలిస్తే వాళ్ళు దిగరు. మనకి కావలసింది అంతే." అలిస్టర్ ఎఫీ వైపు తిరిగాడు. "పంపు నీ చేతిలో ఉంది. వద్దంటే వద్దు."

నీళ్ళు ముందుగా ఎక్కడికి చేరతాయో ఎఫీకి తెలుసు. తూర్పు సొరంగమే అన్నిటికన్నా పల్లం. తమ్ముడి మీదికే వస్తాయి. కాని నీళ్ళను మళ్ళీ తోడెయ్యొచ్చు. కాంక్రీటును తోడలేరు.

ఇంట్లో అమ్మ ముందు గది ఖాళీ చేయించి, వాణ్ణి పడుకోబెట్టడానికి పొడవాటి బల్ల వేయించి, తెల్ల దుప్పటి పరిచింది. రోజూ ఉదయాన్నే ఆ దుప్పటి మార్చి మరొకటి పరుస్తోంది. ఎవరినీ ఏమీ అడగదు.

తలుపు తోసుకుని లాక్లన్ వచ్చాడు. కోటు తడిసి ఉంది.

"ఇక్కడేం మీటింగు?"

"హాల్లో పెడదామనుకున్నాం ప్రెసిడెంటుగారూ. తాళంచెవి తమరి జేబులో పడుకుందట, లేపడమెందుకని ఇటొచ్చాం," అన్నాడు అలిస్టర్.

లాక్లన్ ఆ మాట పట్టించుకోలేదు. "బతికున్న మనిషి కోసమైతే మీకంటే ముందు నేను నిలబడేవాణ్ణి. పోయినవాడి కోసం ఇన్ని కుటుంబాల్ని రోడ్డు మీదికి తెస్తారా? ఎఫీ, నువ్వే చెప్పు. చప్పుడు వినిపిస్తోందని రక్షణ దళం వాళ్ళు వచ్చి అడిగితే, దాన్ని నమ్ముకుని తవ్వొద్దన్నది నువ్వు కాదూ?"

"నేనే. వాల్వు చప్పుడుకి ఆశపడి ఇంకో నలుగురు ఆ కప్పు కింద చావడం ఎందుకని చెప్పాను." ఎఫీ గొంతు పెరగలేదు. "వాణ్ణి అక్కడే వదిలేసి గోడ కట్టమని చెప్పలేదు. ఆ మాట నువ్వన్నావు. మా అమ్మనైనా అడక్కుండా అన్నావు."

లాక్లన్ చేతులు రెండూ తడి కోటు జేబుల్లోకి దోపుకున్నాడు.

"పంపు ఆపాలనేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు అలిస్టర్.

ఒకటి తర్వాత ఒకటి లేచాయి. డంకన్ చెయ్యి అందరికంటే ఆఖరున లేచింది. లాక్లన్ చేతులు జేబుల్లోనే ఉన్నాయి. అందరూ ఎఫీ కోసం ఆగారు.

ఆమె చెయ్యి ఎత్తలేదు. నేరుగా పంపు దగ్గరికి నడిచి, రెండు చేతులతో లివరు పట్టుకుని కిందికి లాగింది.

పెద్ద చక్రం బరువుగా మరికొంత తిరిగి, మూలిగి, నిలబడిపోయింది. ఎప్పుడూ అదురుతూ ఉండే కిటికీ అద్దం కదలడం మానేసింది. ఇన్నేళ్ళలో ఈ గది ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఎఫీ ఎన్నడూ ఎరగదు. ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. దూరాన అలలు వినిపించాయి.

గొట్టంలో తట్టడం ఆగలేదు.