పింకీ పెంచిన తోటకూర

మేడమీద పక్షుల బడిలో పిల్లలంతా ఇంటిదగ్గర తలో కుండీలో తోటకూర పెంచి, పోటీరోజున దాని మీద వ్యాసం చెప్పాలని కాకి మాస్టారు హుకుం జారీ చేశాడు.

“మట్టిలో గీరితే గోళ్లు పాడవుతాయి తల్లీ! నువ్వు వ్యాసం బట్టీ కొట్టుకో” అంది కోడిపెట్ట, తన పిల్ల పింకీతో. విత్తనాలు చల్లడం, నీళ్లు పోయడం అన్నీ తానే చేసి, కుండీ మీద మాత్రం పింకీ పేరు రాయించింది.

పోటీరోజున పింకీ “మట్టితో నా అనుబంధం” అంటూ గడగడా అప్పజెప్పింది. మాస్టారు మురిసిపోయి మొదటి బహుమతి ఇచ్చేశాడు. కోడిపెట్టకు కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ సంగతి ఇరుగుపొరుగంతా చాటుకుని వచ్చేసరికి పింకీ ఎదురొచ్చింది.

“అమ్మా, నీకు శ్రమ లేకుండా కలుపంతా పీకేశాను!”

తోటకూరంతా నేలమీద వాడిపోయి పడుంది. పింకీ పేరున్న కుండీలో గరిక ఒక్కటే పచ్చగా నిగనిగలాడుతోంది.