ఏరేసినవి

"పెరూ తీరంలో మునిగిన కార్బన్‌లో సగం నీ లెక్కలో లేదు" అన్నారు ప్రొఫెసర్ స్నిగ్ధతో. హాంబర్గ్ ల్యాబ్‌లో ఆమె కాంట్రాక్ట్ ఈ నెలతో ఆఖరు. ఆమెకూ, ఆమె సీనియర్‌కూ కలిపి ఉన్నది ఒక్క పొడిగింపు.

సముద్రంలో వేలాడదీసిన గరాటులోకి పైనుంచి రాలిపడినవే మునిగిన కార్బన్ లెక్కకొస్తాయి. తమంతట తాము ఈదుకుంటూ వచ్చి అందులో చచ్చిన పురుగుల్ని పట్టకారుతో ఏరేయాలి. స్నిగ్ధ ఆరు నెలలుగా పురుగులనుకుని, లెక్కలో ఉండాల్సిన చేపల మలం కూడా ఏరేసింది.

సీనియర్ విక్రాంత్ సరైన అంకెలు చూపించాడు. పొడిగింపు అతనికే దక్కింది.

"ఫీల్ గాకు చెల్లె, కొత్తల ఎవరైనా చేసే తప్పే" అన్నాడు బయటికొచ్చాక.

"నువ్వన్నా మిగిలినవ్, అంతే చాలన్నా" అంది ఏడుస్తూ.

ల్యాబ్‌లో తెలుగు మాట్లాడే మనిషి అతనొక్కడే. రోజూ సాయంత్రం, "ఏరినవి ఆడ పెట్టు. ఆ ఫార్మలిన్ వాసన నీకు పడది, నేను పారబోస్త. నువ్వు పో, ఎస్‌బాన్ రైలు పోతది" అని పంపేసేవాడు.

సామాను సర్దుకోవడానికి ఆమె చల్లగది తెరిచింది. కింది అరలో నూట ఇరవై సీసాలు వరసగా ఉన్నాయి. వాటి నిండా తను ఏరేసినవే. ల్యాబ్‌లో ఇంకెవరూ చదవలేకుండా, విక్రాంత్ చేతిరాతతో తెలుగు చీటీలు.

మొదటి సీసా మీద ఆమె చేరిన రెండో రోజు తేదీ ఉంది. దాని కింద, "చెల్లె తప్పు, ఒకటి."